పందొమ్మిదో నంబరు స్లైడు

"నాలుగు గంటలకు నాకు సూది వేస్తరట బిడ్డా. వేయించుకోవాల్నా, ఉరకాల్నా? ముందుగాల గదొక్కటి తేల్చు. మిగిలిన ముచ్చట్లు మల్ల తీరుబాటుగ పెట్టుకుందాం."

రాజమల్లు నా ఆఫీసు కుర్చీలో కూర్చుని ఈ మాట అనేసరికి గోడ గడియారం రెండు గంటల అయిదు నిమిషాలు చూపిస్తోంది. డిటెక్టివ్ దగ్గరికి వచ్చేవాళ్లు మామూలుగా ఏడుస్తూ వస్తారు, లేదంటే ఎవరి మీదో పళ్లు నూరుకుంటూ వస్తారు. ఈయన సంచి నిండా సీతాఫలాలు పట్టుకుని, నవ్వుకుంటూ వచ్చాడు. నాకు అక్కడే నచ్చేశాడు.

పరకాల దగ్గర పత్తి రైతు. అరవై ఏడేళ్లు. ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని రెండు నెలల కింద తేలింది. గ్రంథి దాటి ఇంకా బయటికి పాకలేదు కాబట్టి ఆపరేషన్‌తో పోతుందని పెద్ద దవాఖానలో చెప్పారు. ఈలోగా హనుమకొండలోనే ఒక ప్రైవేటు క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు పిలిచారు. కత్తి అక్కర్లేదు, కొత్త మందు ప్రయోగం చేస్తున్నాం, ఆరు నెలలు సూదులు వేస్తే చాలు అన్నారు. ఆ ప్రయోగంలోకి తీసుకున్నవాళ్లలో ఈయన పందొమ్మిదోవాడు. ఆపరేషన్ తేదీ వదులుకున్నాడు. మొదటి సూది ఇవాళే.

"మరి ఉరకుడెందుకు బాపు?"

"నిన్న పొద్దుమూకి ఆరు ఇరవైకి ఫోనొచ్చింది. ఎవరో ఆడామె. 'బాపు, రేపు ఆ సూది ఏసుకోకు. నీ ముక్క మల్లొక్కపారి సూడుమను' అన్నది. పేరడిగేలోపట్నే పెట్టేసింది."

"గొంతు ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. కాకపోతే వణుకుతాంది."

ముక్క అంటే బయాప్సీలో తీసిన కండ ముక్క. ఆ సంగతి నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఈ ఏజెన్సీ తెరవకముందు తొమ్మిదేళ్లు పాథాలజీ ల్యాబులో అవే ముక్కలు మైనంలో పోసి, సన్నగా కోసి, గాజు స్లైడు మీద పరిచి రంగులు వేశాను. కణాలు ఎంతసేపు చూసినా ఎదురు మాట్లాడవు, ఆ విసుగుతోనే మనుషుల మీద పడ్డాను. నా పేరు రెబెకా. స్కూటీ తాళం తీసుకున్నాను.

రెండు ఇరవై రెండుకు మేం పరిశోధన కేంద్రం మెట్లెక్కుతుంటే, పై మెట్టు మీద సదానందం సార్ నిలబడి ఉన్నాడు.

ఈయన సీఐగా చేసి రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆయనదీ డిటెక్టివ్ ఏజెన్సీయే. ఒకే ఊళ్లో ఉండి ఒకే కేసుల కోసం పోటీ పడతాం. ఆయనకు మీసాలు, పాత పరిచయాలు, మైకు అక్కర్లేని గొంతు ఉన్నాయి. ఈ కేంద్రం సెక్యూరిటీ కూడా ఆయన చేతిలోనే ఉంది.

"ఏందమ్మా రెబెకా, తొవ్వ తప్పి వచ్చినవా?"

"లేదు సార్. ఫోన్ చేసిందెవరో కనుక్కోవాలని వచ్చిన."

"గంతే గదా? జర ఇంటికాడ్నే ఉంటే నేనే ఫోన్ చేసి చెప్తుంటి." ఆయన మీసం దువ్వుకున్నాడు. "పెద్దాయన పొద్దుగాల డాక్టర్ సార్‌కు ఫోన్ ముచ్చట చెప్పిండు గదా, పది గంటలకే పట్టుకున్న. మరియమ్మ అని ఇక్కడి టెక్నీషియన్. చర్చిల వాళ్ల దోస్తు ఫోన్ తీసుకొని చేసింది. చేసుడే కాదు, పెద్దాయన ముక్క ఉన్న మైనం బిళ్ల గుడ మాయం చేసిందని డాక్టర్ సార్ చెప్పిండు. కేసు ఖతం. నువ్వు చాయ్ తాగి పో."

ఇలాంటప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట మొహంలో కనబడకుండా ఉండటానికి తొమ్మిదేళ్ల ల్యాబు ఉద్యోగం బాగా పనికొచ్చింది.

"చాయ్ తాగుత సార్. మరియమ్మ కూడ తాగలేదేమో, ఆమెతోని కూసొని తాగుత."

మరియమ్మను ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లుంటాయి. చేతిరుమాలు మెలిపెట్టి మెలిపెట్టి తాడు చేసేసింది. రాజమల్లును చూడగానే లేచి నిలబడింది.

"నీ గొంతే బిడ్డా!" అన్నాడు రాజమల్లు, చుట్టం దొరికినంత సంబరంగా. "సదానందం సారూ, దొంగ అంటివి. ఈమె నాకు రొండుసార్లు నీళ్లిచ్చింది."

నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "మరియమ్మా, జల్దీ జల్దీ అడుగుత, ఫికర్ చేయకు. బాపు ముక్క ఎప్పుడు కోసినవ్?"

"సెప్టెంబర్ ఇరవై అక్కా. పదకొండు నలభైకి. నా మిషన్ మీదనే. రిజిస్టర్ల నా సంతకం ఉన్నది."

"రంగు వేసినవా?"

"వేసిన. సూసిన గుడ."

"ఏం సూసినవ్?"

ఆమె సదానందం వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "క్యాన్సర్‌ను చంపే సైనిక కణాలు నాలుగైదు కంటే లేవక్కా. డాక్టర్ సార్‌కు ఇచ్చేసిన. మొన్న ఆదివారం రాత్రి ట్రయల్ లిస్టు వాట్సాపుల పెట్టిండ్రు. అండ్ల బాపు గడ్డ నిండ సైనిక కణాలే ఉన్నయని రాసున్నది. నేనే తప్పు సూసిన్నేమో అనుకొని, నిన్న సోమవారం మైనం బిళ్ల మల్ల కోద్దామని స్టోరుకు పోయిన. సొరుగుకు తాళం ఉన్నది. తిరిగొచ్చిన."

"స్టోర్ల తొమ్మిది అయిదు నుంచి తొమ్మిది ఇరవై దాక ఉన్నది," సదానందం అందుకున్నాడు. "పదిహేను నిమిషాలు! తాళం వేసిన సొరుగును పదిహేను నిమిషాలు సూసుకుంట నిలబడ్డదట. నమ్ముదామా?"

"ప్రార్థన చేసుకున్న సార్," అంది మరియమ్మ. "నౌకరి పోతదేమో, చెప్పాల్నా వద్దా అని."

సదానందం పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. భయపడ్డ మనిషికి పదిహేను నిమిషాలు ఒక లెక్క కాదు. కానీ నేను నమ్మితే సరిపోదు, రుజువు కావాలి. టైం రెండు ముప్పై ఏడు.

అప్పుడే కేంద్రం అధిపతి డాక్టర్ రాజేశ్వర్ రావు వచ్చాడు. తెల్లకోటు, నుదుట బొట్టు, మాట్లాడేవాళ్ల భుజం మీద చెయ్యి వేసే అలవాటు. రాజమల్లు భుజం మీద వేశాడు. నా భుజం వైపు కూడా చెయ్యి రాబోయింది గానీ నా చూపు చూసి వెనక్కి తిరిగింది.

"పెద్దాయనకు ఇంత చిన్న విషయానికి డిటెక్టివ్ ఎందుకండీ? నేను చెప్తాను కదా." ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "మన ఒంట్లో తెల్ల రక్తకణాలున్నాయి. వాటిలో కొన్ని సైనికులు. క్యాన్సర్ కణం కనబడితే చంపేస్తాయి. ఇంకొన్ని కాపలా కణాలు. చెత్త మింగుతాయి, గాయాలు మానుస్తాయి. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో చిక్కెక్కడ వస్తుందంటే, గడ్డ ఆ కాపలా కణాలను తనవైపు తిప్పేసుకుంటుంది. అవి గడ్డకు కొత్త రక్తనాళాలు వేయిస్తాయి. సైనికులను దగ్గరికి రానివ్వవు. గడ్డ హాయిగా పెరుగుతుంది."

"అంటే వాచ్‌మనే దొంగకు గేటు తీసి, అన్నం పెట్టి, పోలీసులొస్తే 'ఇక్కడెవ్వల్లేరు సార్' అంటాండన్నట్టు."

"కరెక్ట్! మీరు మా స్టూడెంట్ల కంటే నయం." డాక్టరు మెచ్చుకోలుగా నవ్వాడు. "మా మందు నిద్రపోతున్న సైనికులను లేపుతుంది. కాకపోతే లేపడానికి గడ్డలో సైనికులుండాలి కదా. ఎక్కువమంది ప్రొస్టేట్ పేషెంట్లకు ఉండరు. మీరు అదృష్టవంతులు, మీ గడ్డ నిండా వాళ్లే."

"లేకుంటే?" అన్నాను నేను.

"లేకపోతే మందు వృథా. ఆరు నెలలు పోతాయి. ఈలోగా గడ్డ గ్రంథి దాటిందంటే ఆపరేషన్ అవకాశం కూడా పోతుంది. అందుకే కదా స్లైడు చూసి మరీ ఎంచుకుంటాం."

ఆ మాట విని మనసులో డాక్టరుకు దండం పెట్టుకున్నాను. మరియమ్మ చెప్పింది నిజమైతే ఏం జరుగుతుందో ఆయన నోటితో ఆయనే చెప్పాడు.

"సార్, నా ముక్క నేను సూసుకోవచ్చునా?" రాజమల్లు చాలా వినయంగా అడిగాడు. స్కూటీ మీద వస్తూ నేను నేర్పిన ప్రశ్నే. "ఇంటికి పోతే మా ఇంటామె సమ్మమ్మ అడుగుతది, ఎట్లున్నదని."

కాదనడానికి కారణం దొరకలేదు. డాక్టరు స్లైడ్ల పెట్టె తెచ్చి పందొమ్మిదో నంబరు తీశాడు. ప్రయోగంలో పేర్లుండవు, నంబర్లే. స్లైడు మూల మీద 19, కింద సెప్టెంబర్ 20 అని ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టి, "ఇదిగో, గోధుమరంగు చుక్కలన్నీ సైనికులే" అన్నాడు. నావైపు తిరిగి, "మీరు కూడా చూడండమ్మా. ఇక్కడ కన్ను పెట్టాలి. ఇది తిప్పితే స్పష్టంగా కనిపిస్తుంది" అని నేర్పించాడు.

నేర్చుకున్నట్టు తలూపి కన్ను పెట్టాను.

గోధుమ చుక్కలు నిజంగానే లెక్కలేనన్ని ఉన్నాయి. నీలంగా గుండ్రటి గూళ్లు, ఆ గూళ్ల మధ్య సందుల్లో ఇసుక పోసినట్టు గోధుమ చుక్కలు. ఒక అంచున పొరలు పొరలుగా పేర్చిన చదునైన కణాలు. ఎంత వెతికినా ప్రొస్టేట్‌కు గుర్తయిన గ్రంథులు ఒక్కటీ లేవు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. ముక్క మీద అంటించిన పై గాజు కింద ఇంకొకటి కనిపించింది. మూడు ఎర్రటి నలుసులు. రంగుల సీసాల్లో అలాంటి ఎరుపు ఉండదు.

"డాక్టరుగారూ, ఈ స్లైడు ఎప్పుడు చేశారు?"

"సెప్టెంబర్ ఇరవై. రాసుంది కదా."

"ఎవరు?"

"మరియమ్మే. ఆవిడ మిషన్ మీద."

"మళ్లీ ఎవరూ కోయలేదు కదా?"

"లేదండీ. ఇదొక్కటే."

"మరి ఈ ఎర్ర నలుసులేమిటి సార్?"

ఆయన వంగి చూశాడు. లేచేసరికి భుజాల మీద చేతులు వేసే ఉత్సాహం పోయింది. "దుమ్మయి ఉంటుంది" అని జేబులోంచి ఫోను తీసి, "హలో, వస్తున్నా, వస్తున్నా" అంటూ బయటికి నడిచాడు. ఫోను మోగిన చప్పుడు మాత్రం మాలో ఎవరికీ వినిపించలేదు. టైం రెండు యాభై రెండు.

"సదానందం సార్, కోసే గది సూపిస్తరా?"

"ఎందుకమ్మా, అక్కడేమున్నది?"

"ఏం లేకుంటే మీకే మంచిది గదా."

కోసే మిషన్లు రెండున్నాయి. బయటి గదిలో మరియమ్మది. లోపలి గదిలో డాక్టరుది. మరియమ్మ మిషన్ అద్దంలా ఉంది. తెల్ల గుడ్డతో తుడిచాను, గుడ్డకు ఏమీ అంటలేదు. లోపలి గది తలుపు తీయించాను. మిషన్ చక్రానికి, పిడికి, పక్కనున్న బల్లకు దిట్టంగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. అయిదు రోజుల నాటి కుంకుమ ఎండి పొడి రాలుతోంది. ఫ్యాన్ వేస్తే బల్లంతా ఎర్రటి ధూళి. ఆ బల్ల మీదే స్లైడు మీద పై గాజు అంటించే సామాను ఉంది.

గుడ్డతో అద్ది సదానందానికి చూపించాను. "ఇదేంది సార్?"

"కనబడ్తలేదా? కుంకుమ. దసరా నాడు ఆయుధపూజ చేసిండ్రు."

"ఎవరు చేసిండ్రు?"

"డాక్టర్ సార్ కూసొని చేసిండు. కొబ్బరికాయ నేనే కొట్టిన." ఆ కాయ సరిగ్గా రెండు చెక్కలైందన్న గర్వం ఆయన మొహంలో ఇంకా ఉంది.

"మరి మరియమ్మ మిషన్‌కు ఎందుకు పెట్టలే?"

"ఆమె వద్దన్నది. 'నా మిషన్ మీద నేను చేతులు పెట్టి ప్రార్థన చేసుకుంట సార్, మీరేమనుకోవద్దు' అన్నది. మేమేమనుకుంటం? ఎవల దేవుడు వాళ్లకు. ప్రసాదం పులిహోర మాత్రం రెండుసార్లు తిన్నది."

"మూడుసార్లు సార్," అంది వెనక నుంచి మరియమ్మ.

"పోయినేడు దసరాకు గుడ ఈ గదిల పూజ చేసిండ్రా?"

"పోయినేడు ఈ గదే లేదు. మిషన్ జూలైల వచ్చింది. దానికిదే మొదటి దసరా."

"మంచిది. ఇగ ఒక్కటే ప్రశ్న సార్. సెప్టెంబర్ ఇరవైన, బయటి గదిల, బొట్టు పెట్టని మిషన్ మీద కోసిన స్లైడు. దాని మీది గాజు కిందికి అక్టోబర్ రెండు నాటి కుంకుమ ఎట్లొచ్చింది?"

సదానందం బల్ల మీది ఎర్రటి ధూళిని వేలితో రాసి చూశాడు. ముప్పై ఏళ్లు నేరస్తుల్ని ప్రశ్నించిన మనిషి, తేలిగ్గా లొంగడు. "మరియమ్మనే ఈ గదికొచ్చి దొంగతనంగ చేసి ఉండొచ్చు గదా?"

"ఈ గది తాళంచెవికి రిజిస్టర్ పెట్టించింది ఎవలు?"

"నేనే."

"సూడుండ్రి."

వాచ్‌మన్ పోశయ్య రిజిస్టర్ పట్టుకొచ్చాడు. దసరా తర్వాత లోపలి గది తాళంచెవి తీసుకున్నది ఒక్కసారే. అక్టోబర్ నాలుగు, శనివారం. సెలవు రోజు. పొద్దున ఏడు పది నుంచి పది నలభై దాకా. సంతకం రాజేశ్వర్ రావుది.

"మూడున్నర గంటలు," అన్నాను. "ముక్క కోసి, రంగు వేసి, గాజు అంటించడానికి సరిగ్గ సరిపోతది. నేను తొమ్మిదేండ్లు అదే పని చేసిన సార్."

ఆయన రిజిస్టర్ పేజీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. ఆ దస్తూరిలో తప్పేమైనా దొరుకుతుందేమోనని ఆశ. దొరకలేదు.

"సరే, మల్ల కోసిండనుకుందాం. పాతది పగిలి ఉంటది. ముక్క ఆయనదే గదా. సైనిక కణాలు నీ కండ్లతోని నువ్వే సూసినవ్ గదా. ఇండ్ల మోసమేమున్నది?"

"ఆ ముక్క బాపుది కాదు సార్. ఆ ముక్క ప్రొస్టేట్ కానే కాదు. టాన్సిల్."

"ఏందీ?"

"గొంతుల ఉండే గడ్డ. రంగు సక్కగ పట్టిందో లేదో తెలవాలంటే పేషెంటు ముక్క పక్కన సైనిక కణాలు ఖాయంగ ఉండే ముక్క ఒకటి పెట్టి సూస్తరు. ప్రతి ల్యాబుల గట్లనే చేస్తరు. దానికి టాన్సిల్ మంచిది, అది ఆ కణాల అడ్డా. ఆ పరీక్ష ముక్కనే కోసి, మీద 19 అని రాసిండు. కంప్యూటర్ గోధుమ చుక్కలు లెక్కబెట్టి మందు కంపెనీకి పంపుతది. గొంతుదా, కిందిదా అని కంప్యూటర్ అడగది."

రాజమల్లు మోకాళ్లు చరుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు.

"అవ్వల్లా! నా రోగం కిందికాడ, వాడు సూపెట్టింది గొంతుకాడా! నేను నోరు తెరుస్తనే ఉంటి గదనే, ఆడ్నే తీసుకోకపోయిండా!"

మరియమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకూ నవ్వాగలేదు. చాలా రోజుల తర్వాత ఒక ల్యాబులో ఇంత గట్టిగా నవ్వాను. సూది తప్పింది, ఆపరేషన్ తేదీ మళ్లీ అడగవచ్చు. పెద్దాయన బతుకు చేజారకుండా ఉన్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

"మరియమ్మా, బాపు అసలు ముక్కల ఏం సూసినవో చెప్పు."

"సైనికులు నాలుగైదే అక్కా. కాపలా కణాలకు వేరే రంగు వేస్తే మాత్రం గడ్డ సుట్టూత అవే. కుప్పలు కుప్పలు. అసుంటోళ్లకు ఈ సూది పనిచెయ్యదని సారే మాకు క్లాసు చెప్పిండు. ఆపరేషన్ ఉండంగ ఆరు నెలలు ఎందుకు ఆగబెట్టాలె అని నాకు నిద్ర పట్టలే."

"మరి ఆయనకు ఇండ్ల ఏమొస్తది?" అడిగాడు రాజమల్లు.

"ఇరవై మంది దొరికితేనే కంపెనీ ట్రయల్ ఇక్కడ నడిపిస్తది బాపు. లేకుంటే వేరే ఊరికి పోతది. ఇంకొక్కలు దొరికితే ఇరవై అయితుండె."

ఇరవై. ఆ అంకె వినగానే నా నవ్వు ఆగిపోయింది. ఇన్ని గోధుమ చుక్కలున్న ప్రొస్టేట్ గడ్డలు అరుదని డాక్టరే చెప్పాడు. మరి ఈ ఊళ్లో పద్దెనిమిది మంది అంత తేలిగ్గా ఎలా దొరికారు?

స్లైడ్ల పెట్టె ఇంకా బల్ల మీదే ఉంది. ఒకటో నంబరు పెట్టాను. కుంకుమ లేదు, దసరాకు ముందుదే. అవే నీలం గూళ్లు, అవే పొరలు. ముక్కకు ఎడమవైపు ఎలుక కొరికినట్టు చిన్న నొక్కు. పందొమ్మిదిలోనూ అదే చోట అదే నొక్కు. రెండు పెట్టాను. నొక్కు. మూడు. నొక్కు. అయిదు దాకా చూసి తల ఎత్తాను.

"ఇవన్నీ ఒక్క మనిషి గొంతుల నుంచి తీసిన ఒక్క ముక్కే," అన్నాను. 

"నేను జూలై నుంచే ఉన్న అక్కా. నేను కోసింది బాపుదొక్కటే, అంతకుముందటి పద్దెనిమిది సారే సొంతంగ చేసుకున్నడు," అంది మరియమ్మ. పద్దెనిమిది మంది గడ్డల్లో ఏముందో ఎవరూ చూడలేదు. చూసినట్టు రాసి, నెలల తరబడి సూదులు వేస్తున్నారు.

"పోశయ్యా, డాక్టర్ సార్‌ను పిలువు!" సదానందం కేక పెట్టాడు.

"సారు మూడింటికే కార్ల పోయిండు సార్."

ఫోన్ స్విచ్ఛాఫ్.

"మైనం బిళ్లల సొరుగు తెరువుండ్రి," అన్నాను. తాళంచెవి డాక్టరు దగ్గరే ఉంది. సదానందం స్క్రూడ్రైవర్ తెచ్చి తాళం పెకిలించాడు. సొరుగులో పందొమ్మిది గళ్లున్నాయి. పందొమ్మిదీ ఖాళీ.

ఆ బిళ్లల్లో ఉన్నవే అసలు ముక్కలు. మందు మొదలుకాకముందు ఎవరి గడ్డ ఎలా ఉందో చెప్పగలిగింది అవే. అవి పోతే ఎవరికి ఈ మందు పనికొస్తుందో, ఎవరు వెంటనే ఆపరేషన్‌కు పోవాలో తేల్చడానికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అప్పటిదాకా గడ్డలు ఆగవు. డాక్టరు మీద నేరం నిలబడాలన్నా అవే కావాలి.

"మధ్యాహ్నం ఎవరైనా ఏమన్న బయటికి పట్టుకపోయిండ్రా?" పోశయ్యను అడిగాను.

"ఎవల్లేరమ్మా. రోజొచ్చే దవాఖాన చెత్త బండి వచ్చింది, గంతే. పసుపుపచ్చ సంచులు ఏసుకొని మూడు అయిదుకు పోయింది. ఇయ్యాల ఒక సంచి డాక్టర్ సారే మోసుకొచ్చి ఏసిండు. పెద్ద సార్ చెత్త మోసుడేందని నేను పరేషానైన."

చెత్త కాల్చే ప్లాంటు హైదరాబాద్ రోడ్డు మీద రఘునాథపల్లి అవతల ఉంది. బండికి గంట ప్రయాణం. అక్కడికి చేరితే నేరుగా కొలిమిలోకే. మైనం నిమిషంలో కరిగి కాలిపోతుంది. టైం మూడు ఇరవై మూడు.

నేను స్కూటీ తాళం కోసం వెతుక్కుంటున్నాను. సదానందం మైక్రోస్కోపు పక్కనే నిలబడిపోయాడు.

"రెబెకా. అయిదుకాడ్నే ఎందుకాపినవ్?"

"ఇంక సూసుడెందుకు సార్? అన్నీ గవే."

"పదకొండోది పెట్టు."

"టైం లేదు సార్, బండి..."

"పెట్టుమంటాన."

ఆ గొంతు నాకు కొత్త. నాలుగేళ్లుగా ఆయన అరవడమే విన్నాను, అడగడం వినలేదు. పదకొండో నంబరు తీసి పెట్టాను. ఆయన నన్ను పక్కకు జరిపి తనే కన్ను పెట్టాడు. ఏం చూడాలో చెప్పనక్కర్లేకపోయింది. ఎడమవైపు నొక్కు కోసం వెతికాడు. దొరికినట్టుంది, అలాగే వంగి ఉండిపోయాడు.

"మా ఇంట్ల గుడ చెప్పలే," అన్నాడు, తల ఎత్తకుండానే. "ఇంటామె భయపడ్తదని. మూడు సూదులైనయి. దవాఖానోళ్లు ఆపరేషన్ తారీకు ఇస్తే, అవసరం లేదని నేనే వాపస్ ఇచ్చిన."

మధ్యాహ్నం నుంచి ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన ఈ కేంద్రాన్ని వెనకేసుకొచ్చింది జీతం కోసమని అనుకున్నాను. తనను బతికిస్తున్నారన్న నమ్మకంతో వెనకేసుకొచ్చాడు.

రాజమల్లు ముందుకొచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. "లే తమ్మీ. ఇద్దరి గొంతూ ఒక్కటే అని రాసిండు వాడు. ఇగ మనం మనం చుట్టాలం."

సదానందం నవ్వబోయాడు, కుదరలేదు. రుమాలుతో మొహం గట్టిగా తుడుచుకుని నిటారుగా లేచాడు. జేబులోంచి కారు తాళం తీశాడు.

"పోశయ్యా, బండి నంబరు చెప్పు. మరియమ్మా, నువ్వు ఈ స్లైడ్ల పెట్టె ఎవల చేతికియ్యకు, నేనొచ్చినా ఇయ్యకు. రెబెకా, నువ్వు నా పక్కన కూసో, ప్లాంటోళ్లకు ఫోన్ చేసుకుంట ఉండు." తలుపు దగ్గర ఒక్కసారి ఆగి నావైపు తిరిగాడు.

"జల్దీ నడువమ్మా. నా ముక్క ఆ బండిల ఉన్నది."